విమానచోదకుల ఐకమత్యము

(ఉద్యోగ సంఘముల సభలో మేము చేసిన యుపన్యాసపు పాఠము)



విమానచోదకులు జీతభత్యముల యొడంబడికకై యాజమాన్యముతో సంప్రదింపులు జరుపు కాలమున తమలో తాము చీలిపోక నిలుచుట యెట్లు అను విషయమును గూర్చి మాటలాడుడని మమ్ము కోరినారు. ఈ సభలో రైల్వే యుద్యోగులున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఉపాధ్యాయులున్నారు. విమానము నడుపువారు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే యున్నట్లు కనబడుచున్నది. కావున మొదటనే యొక సందేహమును తీర్చి ముందునకు సాగుట మంచిది. నెలకు లక్షలు గడించు పైలటునకు సంఘమెందులకు, అతని కష్టమును గూర్చి తక్కినవారు తల బ్రద్దలు కొట్టుకొనుట యెందులకు అని మీలో ననేకులు మనసున ననుకొనుచుందురు. అట్లనుకొనుట తప్పు గాదు. జన్మములో నొక్కమారైన విమాన మెక్కి యెరుగనివారు కోట్లకొలది గల దేశము మనది.

కాని పైలట్ల సంఘము పోరాడునది జీతమొక్కదానికొరకే యని తలచుట పొరపాటు. నెలకెన్ని గంటలు నడుపవలయును, రాత్రివేళ నెన్నిమారులు విమానమును దింపవలయును, వారమునకెంత విశ్రాంతి యుండవలయును అనునవి వారి బేరములో జీతముతో సమానమైన బరువుగల విషయములు. ఆ విశ్రాంతి వెనుక కూర్చున్న నూటయెనుబదిమంది ప్రాణములకు సంబంధించినది. అమెరికాలో 1931 లో డేవిడ్ బెంకీ మొదలగువారు పైలట్ల సంఘమును స్థాపించిన మూడేండ్లకు, అనగా 1934 లో, ప్రభుత్వపు కార్మిక మండలి చేసిన నిర్ణయములో నెలకు 85 గంటలను పరిమితి చేరినది. మన దేశమున 2024 జనవరిలో డీజీసీఏ వారు విశ్రాంతి నియమములను సవరించి, వారమునకు 36 గంటలుగా నున్న విశ్రాంతిని 48 గంటలు చేసిరి. రాత్రి దింపుడులను ఆరునుండి రెండునకు తగ్గించిరి. ఆ నియమములును వెంటనే యమలునకు రాలేదు. కంపెనీలు వాయిదా కోరినవి, పైలట్ల సంఘములు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కినవి, తుదకు 2025 జులై, నవంబరు నెలలలో రెండు విడతలుగా అమలయినవి. డిసెంబరులో దేశమునందెల్ల పెద్దదగు ఇండిగో కంపెనీ తన పైలట్లను క్రొత్త గంటలకు సరిపుచ్చుకొనలేక వేలకొలది ప్రయాణములను రద్దుచేయగా, ఆ కంపెనీకి తాత్కాలికముగా సడలింపు లిచ్చిరి. నియమము కాగితముపై నుండుట వేరు, దానిని నిలుపుకొను బలముండుట వేరు. ఆ బలము ఒంటరి పైలటునకు లేదు.

ఈ వృత్తిలో నొక విచిత్రమైన కట్టుబాటు గలదు. దానిని తెలిసికొననిదే తక్కిన కథ బోధపడదు. అదియే సీనియారిటీ పట్టిక. కంపెనీలో చేరినపుడు పైలటున కొక సంఖ్య వచ్చును. ఏ విమానమును నడుపునో, ఎడమ కుర్చీలో కెప్టెనుగా కూర్చుండునో కుడి కుర్చీలో సహచోదకుడుగా కూర్చుండునో, ఏ యూర కాపురముండునో, పండుగనాడు ఇంట నుండునో ఆకాశమున నుండునో, అంతయు నా సంఖ్యయే తేల్చును. అమెరికాలో నీ కట్టు మిక్కిలి గట్టిది. గుమాస్తా యొక బ్యాంకును విడిచి వేరొకదానిలో పెద్ద కొలువునకు పోగలడు. ఇరువదియేండ్లు నడిపిన కెప్టెను కంపెనీ మారెనా, క్రొత్త పట్టికలో నట్టడుగున, నిన్న చేరిన కుర్రవాని క్రింద నిలువవలయును. యజమాని నచ్చకున్న వెడలిపోవుట యను దారి యతనికి దాదాపుగా మూసియే యున్నది. ఉన్నచోట ఒడంబడికను బాగుచేసికొనుటయే గతి. ఆ పట్టిక పైలట్ల నందరిని ఒక్క మోకున గట్టుచున్నది. అదియే వారిని వేరుచేయుటకు కత్తియు నగుచున్నది. ఏలయన పైవానికి లాభమును, క్రిందివానికి నష్టమును గూర్చు బేరమును వల్లె వేసి తెచ్చుట యాజమాన్యమునకు కష్టము గాదు.

అమెరికా చట్టమును గూర్చియు రెండు మాటలు చెప్పవలయును. 1926 లో రైళ్లకొరకు చేసిన కార్మిక చట్టమును 1936 లో విమానములకు వర్తింపజేసిరి. ఆ చట్టము క్రింద ఒడంబడికకు గడువు తీరినను అది చెల్లిపోదు, సవరింపదగినది మాత్రమగును. పాత జీతములు, పాత షరతులు సాగుచునే యుండును. ఇరుపక్షములు మాటలాడుకొనవలయును. కుదరనిచో జాతీయ మధ్యవర్తిత్వ మండలి ప్రవేశించును. ఇక లాభము లేదని మండలి విడిచిపెట్టినపిదపను మరి 30 దినములు ఆగవలయును. అప్పటికిని దేశాధ్యక్షుడు కమిటీ నొకదానిని వేసి మరికొంతకాలము ఆపవచ్చును. ఇట్లు సంప్రదింపులు రెండు మూడేండ్లు సాగుట సామాన్యము. ధరలు పెరుగుచుండును, జీతము పెరుగదు. కాలము యాజమాన్యము పక్షమున నిలిచి యుద్ధము చేయుచుండును. మనవారు ఐకమత్యమనగానే సమ్మెనాటి జెండాలను, నినాదములను తలచుకొందురు. నిజమునకు పరీక్ష అంతకు మునుపే, ఏమియు జరుగనట్లు కనబడు ఆ నిశ్శబ్దపు నెలలలో జరిగిపోవును. ఆ నెలలలోనే పుకార్లు పుట్టును. సంఘనాయకులు లోపాయికారీగా రాజీపడినారని ఒకడనును. పెద్ద విమానములవారికి వేరే బేరము కుదిరినదని మరియొకడనును. నాకు పదవీవిరమణ రెండేండ్లలో నున్నది, వచ్చినదేదో పుచ్చుకొందమని ఇంకొకడనును. ఈ మూడవవాని మాట అబద్ధము గాదు. అందుచేతనే అది ప్రమాదకరమైనది.

ఇట్టి చీలికకు తావిచ్చిన బేరములలో మిక్కిలి నేర్పుగా అల్లినది 1983 లో అమెరికన్ ఎయిర్ లైన్స్ కంపెనీలో వచ్చిన రెండంతస్తుల జీతము. ఇప్పుడు కొలువుననున్న యెవ్వరికిని దమ్మిడీ తగ్గింపము, రేపటినుండి చేరబోవువారికి మాత్రము తక్కువ జీతముల పట్టిక వేరుగా నుండును అని కంపెనీ చెప్పినది. సంఘము ఒప్పుకొన్నది. ఓటువేయు ప్రతివాడును లాభపడినట్లే. నష్టపడువారు ఆ సభలో లేరు, అప్పటికి వారు ఎవరో కూడ తెలియదు.

మన ధర్మశాస్త్రమున మితాక్షరను చదివినవా రీ చిక్కును వెంటనే గుర్తింతురు. పంపకముల నాటికి తల్లిగర్భమున నున్న శిశువునకును వాటా గలదని మితాక్షర న్యాయము. పుట్టని బిడ్డ పెద్దమనుష్యుల యెదుటికి వచ్చి నాభాగమేదని యడుగలేడు. అందుచేత వానిపక్షమున ధర్మమే నోరు విప్పినది. యూనియను సభలో నింకను చేరని పైలటుపక్షమున నోరు విప్పు వారెవరు? దయాదాక్షిణ్యముల మాట యటుండనిండు, స్వార్థమును చూచుకొన్నను ఈ బేరము చెడ్డది. పదేండ్లు గడచునప్పటికి తక్కువ జీతమువారు సంఖ్యలో నధికులగుదురు. ఆనాడు పెద్దల పింఛనుకొరకు, పెద్దల సెలవులకొరకు వారు చేయియెత్తవలసిన యవసర మేమి? తమ్ము అమ్మినవారిని ఆదుకొనుడని యెవరు చెప్పగలరు?

యునైటెడ్ ఎయిర్ లైన్స్ పైలట్లకు ఈ ప్రశ్న 1985 లో యెదురైనది. ఆ కంపెనీ యధిపతి రిచర్డ్ ఫెర్రిస్ తనకును రెండంతస్తుల జీతము కావలెనని పట్టుపట్టెను. సంప్రదింపులు విఫలమైనవి. సమ్మె రానున్నదని యెరిగి కంపెనీవారు ముందుగనే క్రొత్తవారిని ఎన్నుకొని డెన్వరులోని తమ శిక్షణాలయమున తయారుచేసి యుంచిరి. వారు 570 మంది. సమ్మె మొదలగునాడు పనిలోనికి వచ్చినవారికే కొలువు నిలుచునని వారికి తెలియజేసిరి. ఈ 570 మంది స్థితిని ఒక్కనిమిషము తలచుకొనుడు. పెద్ద కంపెనీలో కొలువు దొరకుటకు సంవత్సరముల తరబడి చిన్న విమానములపై గంటలు పోగుచేసికొన్నవారు. ఇంకను పట్టికలో పేరెక్కనివారు. సమ్మె వమ్మైనచో తిరిగి తీసికొందురను హామీ యేమియు లేనివారు. లోపలికి పోయిన చాలును, జీవితమంతయు కుదుటపడును. తక్కువ జీతమైనను అప్పటికి వారికి అది యెక్కువయే.

మే 17 వ తేదీ అర్ధరాత్రి దాటగానే సుమారు అయిదువేలమంది పైలట్లు పని విడిచిరి. ఆ 570 మందిలో బహు కొద్దిమంది తప్ప తక్కినవా రందరును పికెటింగు వరుసను దాటలేదు.

ఏల దాటలేదు? కుర్రవారి త్యాగమని చెప్పి చప్పట్లు కొట్టుట సులభము. కాని సంఘమువారు చాల నెలలముందునుండి చేసిన పని యొకటి యున్నది. శిక్షణకు వచ్చిన క్రొత్తవారిని పరాయివారుగ చూడక పలుకరించి, జరుగుచున్నదేదో విప్పి చెప్పిరి. ఈ తగవు మీ జీతమును గూర్చియే యని వారికి తెలియజేసిరి. పైలట్ల భార్యలను, కుటుంబములను సభలకు పిలిచి, బేరములో నేమున్నదో, సమ్మె వచ్చినచో ఇంటి యప్పుల కిస్తీ లెట్లు గడచునో ముందుగనే మాటలాడిరి. వేర్వేరు నగరములలోని పైలట్లు ఒకేసమయమున నాయకుల మాట వినునట్లు ఉపగ్రహముద్వారా సభ నేర్పాటు చేసిరి. మన సంఘములలో ఈ యింటిమాట యెవరికి తట్టును? సమ్మె విరుగునది సాధారణముగా కారఖానా ద్వారమువద్ద గాదు. వంటయింటిలో, నెలాఖరున, బియ్యపు డబ్బా యడుగంటినపుడు విరుగును. అమెరికా పైలటు ఇంట బియ్యపు డబ్బాకు బదులు ఇంటిపై తాకట్టుపత్ర ముండును, భేదమంతియే.

సమ్మె 29 దినములు సాగినది. జీతముల చిక్కు చాలవరకు ముందే విడివడినది. క్రొత్తవారికి తక్కువ జీతము పూర్తిగా పోలేదు గాని దానికి హద్దు ఏర్పడినది. ఆ తరువాతను సమ్మె కొనసాగుటకు కారణము తిరిగి పనిలో చేరు షరతులు. సమ్మెకాలమున పనిచేసినవారికి పట్టికలో పైచోటు లభింపవలెనని కంపెనీ కోరినది. 570 మందిని తన యుద్యోగులుగా నంగీకరింపనని భీష్మించినది. తమ జీతము తమకు దక్కినపిదప, ఇంకను పేరెక్కని కుర్రవారికొరకు పెద్ద కెప్టెనులు మరి కొన్నివారములు జీతములు లేక వీధిలో నిలిచిరి. తుదకు ఆ విషయమును న్యాయస్థానమునకు విడిచి పనిలో చేరిరి. అదే సంవత్సరము చికాగోలోని ఫెడరల్ న్యాయస్థానము 570 మందికి కొలువు నిరాకరించుట చట్టవిరుద్ధమని తీర్పుచెప్పెను. 1986 లో పైన్యాయస్థానమును ఆ విషయమున అట్లే స్థిరపరచెను. వారు పైలట్లుగనే కుర్చీలలో కూర్చుండిరి. న్యాయస్థానమునకు వదలుట పిరికితనమని ఆనాడు అనినవారు లేకపోలేదు. మా యభిప్రాయమున అది పిరికితనము గాదు. విడిచిపెట్టుట వేరు, వేరొక దారిని పట్టుకొనుట వేరు.

చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభమును చిన్నతనమున చదివినవా రిచ్చట పెక్కురుందురు. వలతోకూడ ఎగిరిపోయిన పావురముల కథ అందరికిని జ్ఞాపకమే. దాని తరువాయిని మాత్రము మరతుము. హిరణ్యకుడను నెలుక త్రాళ్లు కొరుకుటకు వచ్చినపుడు చిత్రగ్రీవుడు తన కట్లను ముందుగా తెంపనీయలేదు. తన్ను నమ్మి వెంటవచ్చినవారి కట్లు ముందు తెంపుమనెను. వలతో నెగురుటకు భయము చాలును. నేలకు దిగినపిదప ఎవరి కట్లు ముందు తెగవలె నను చోటనే సంఘము లోతు తెలియును.

దీనికి మారుకథ కూడ చెప్పకున్న న్యాయముగ నుండదు. అది రెండేండ్లముందు, కాంటినెంటల్ కంపెనీలో జరిగినది. 1983 ఆగస్టులో ఆ కంపెనీ మెకానిక్కులు సమ్మె కట్టిరి. పైలట్లు వారి పికెటింగు వరుసను దాటి లోనికి పోయి విమానములు నడిపిరి. మెకానిక్కుల తగవు మెకానిక్కులదే గదా యనుకొనిరి. సెప్టెంబరు 24 న యధిపతి ఫ్రాంక్ లొరెంజో దివాలా దరఖాస్తు పెట్టి, ఒడంబడికలన్నియు రద్దని చెప్పి, జీతములను దాదాపు సగమునకు దించెను. అక్టోబరు 1 న పైలట్లును సమ్మెలో దిగిరి. అప్పటికి వరుసలు దాటుట యలవాటైన కంపెనీ అది. సమ్మె రెండేండ్లకు పైగా నీడ్చినది, పైలట్లలో ననేకులు ఒక్కొక్కరుగ లోపలికి పోయిరి, సంఘము చితికిపోయినది. దివాలా పేరిట ఒడంబడికను ఏకపక్షముగా త్రోసివేయుటకు 1984 లో అమెరికా శాసనసభ యొక యడ్డుకట్ట వేసినది గాని, కాంటినెంటల్ పైలట్లకు అది యాలస్యముగా వచ్చిన వైద్యము.

ఇప్పుడు మన యింటికి వత్తము. పైకథలలో చీలిక పెద్దలకు, పిన్నలకు నడుమ. మన దేశమున జరిగినది దాయాదుల తగవు. అయినను మూలము ఒక్కటియే: పట్టికలో ఎవరు ముందు, ఎవరు వెనుక?

2007 లో విదేశములకు నడచు ఎయిర్ ఇండియాను, దేశములో నడచు ఇండియన్ ఎయిర్ లైన్స్ ను ప్రభుత్వము ఒక్కటిగ కలిపినది. పేరు కలిసినది, రంగు కలిసినది, పైలట్లు కలియలేదు. ఎయిర్ ఇండియా వారికి ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్ లైన్స్ వారికి ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. జీతములు రెండు విధములు, పదోన్నతులు రెండు విధములు. కలిపిన యేలికలు ఈ రెండు పట్టికలను ఎట్లు కలుపవలెనో నిర్ణయింపకయే సంవత్సరములు గడపిరి. ఇది యలసతయో, రెండువర్గములు కొట్టుకొనిన తమకు హాయియను యెత్తుగడయో మేము చెప్పజాలము. ఫలము మాత్రము ఒక్కటియే.

2011 ఏప్రిల్ చివర అసోసియేషన్ వారు, ఒకే కంపెనీలో ఒకే పనికి సమానవేతన మీయవలెనని సమ్మె కట్టిరి. గిల్డువారు అందులో చేరలేదు. పదిదినములు సాగిన యా సమ్మెలో అసోసియేషన్ గుర్తింపు రద్దయినది, నాయకుల కొలువులు పోయినవి, హైకోర్టు మందలింపులు వచ్చినవి. మే 6 న హామీలతో సమ్మె ముగిసినది. సంవత్సరము తిరుగునప్పటికి, 2012 మే నెలలో, గిల్డువారు అస్వస్థత పేరిట పనికి రాక నిలిచిరి. వారి తగవు క్రొత్తగా రానున్న 27 డ్రీమ్ లైనర్ విమానములను గూర్చి. అవి కలయికకు ముందే ఎయిర్ ఇండియా ఆర్డరు చేసినవి గనుక వానిపై శిక్షణ తమకే చెందవలెనని వారు, ఇరువురకును పంచవలెనని యాజమాన్యము. ఈమారు అసోసియేషన్ వారు చేరలేదు, ఏల చేరుదురు? ఆ సమ్మె గురి యాజమాన్యమైనను దెబ్బ తగులునది తమకే. 58 దినములు గడచినవి. గిల్డు గుర్తింపు పోయినది, నూరుమందికి పైగా పైలట్లను తొలగించిరి, విదేశపు ప్రయాణములు కుంటువడినవి. జులై 3 న హైకోర్టు యెదుట సమ్మెను విరమించిరి.

రెండేండ్లలో రెండు సమ్మెలు, రెండు సంఘములు, ఒక్కొకమారు ఒక్కటి. మొదటివారు దెబ్బ తినుచుండగా రెండవవారు చూచిరి. రెండవవారు తినుచుండగా మొదటివారు చూచిరి. సమానవేతనము న్యాయమైన కోరిక. పదోన్నతి ఆగిపోవునేమోయను దిగులును నిష్కారణమైనది గాదు. ఈ రెండును ఒకే కాగితముపై వ్రాసి, ఒకే బల్లపై పెట్టవలసినవి. నీకు సమానవేతనము వచ్చుటకు మేము నిలుతుము, మా పదోన్నతి దెబ్బతినకుండుటకు మీరు నిలువుడు అను మాట నాయకులు ఒక గదిలో కూర్చుండి చెప్పుకొనవలసినది. పట్టికల కలయికను యాజమాన్యము చేయువరకు వేచియుండుటయే వారి మొదటి పొరపాటు. అమెరికాలో కంపెనీలు కలిసినపుడును ఈ రగడలు లేకపోలేదు. అచ్చటి పైలట్లును పట్టికలకై యేండ్లతరబడి కోర్టులలో కొట్టుకొనిన సందర్భములు గలవు. కావున మనవారినే నిందించి ప్రయోజనము లేదు. మరియొక సంగతి కూడ చెప్పక తప్పదు. ఆ రెండు సమ్మెలలోను ప్రజల సానుభూతి పైలట్లకు దొరకలేదు. దొరకించుకొనుటకు వారు ప్రయత్నించినట్లును కనబడలేదు. విమానాశ్రయములలో పిల్లలతో నేలపై పడియున్న ప్రయాణికునకు డ్రీమ్ లైనర్ శిక్షణ యెవరిదైన నేమి? సామానులు మోయు కూలీలతో, మెకానిక్కులతో పైలట్లకు గల సంబంధము దొరతనము సంబంధముగ నుండినంతకాలము, ఆపదవేళ వారు ప్రక్కన నిలువరు.

తరువాతి కథ కొంత యాశను గలిగించునది. 2020 లో మహమ్మారి వచ్చి జీతములు కోసినపుడు ఈ రెండు సంఘములే ఒక్కగొంతుతో మాటలాడిరి. 2022 జనవరి 27 న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి పోయినది. 2023 ఏప్రిల్ లో క్రొత్త యాజమాన్యము తన షరతులను సంఘములతో చర్చింపక, ఒక్కొక్క పైలటునకు వేర్వేరుగా నియామక షరతులను పంపి యంగీకారము తెలుపుమని కోరినది. రెండు సంఘములును సంతకము పెట్టవలదని తమవారికి చెప్పినవి. పదునైదువందల మందికి పైగా పైలట్లు రతన్ టాటాకు విన్నపము పంపుకొనిరి.

ఆ షరతులలో నొకటి మిక్కిలి గమనింపదగినది. కెప్టెనుగా నాలుగేండ్లు పనిచేసినవానికి సీనియర్ కమాండరు అను పేరు పెట్టి, అతనిని యాజమాన్య వర్గములో లెక్కింతురు. పేరు పెద్దది, జీతమున కొంత చేర్పు. కాని యాజమాన్య వర్గములో చేరినవాడు కార్మికుడు గాడు. కార్మికుడు గానివానికి సంఘమున చోటెక్కడిది? అనుభవము గల వానిని, మాట సాగు వానిని, కుర్రవారు ఎవరి ముఖము చూచి ధైర్యము తెచ్చుకొందురో యట్టివానిని మెల్లగా గౌరవపూర్వకముగా సంఘమునుండి యెత్తి వేరుచోట కూర్చుండబెట్టుట ఇది. సంఘములవారు దీనినే ముఖ్యముగా ప్రతిఘటించిరి. వారు గ్రహించినది సరియే. పూర్వము గ్రామములలో తిరుగబడు రైతును లొంగదీయుటకు మునసబు గిరీ యిచ్చిన కథలు మన తాతలు చెప్పుచుండిరి.

విడివిడిగా వచ్చు కాగితము వలన ప్రమాదమేమో పైలట్లకు మాత్రమేగాక మీ కందరికిని తెలియవలయును. ఇంట రాత్రి ఒంటరిగా కూర్చుండి దానిని చదువు మనుష్యునకు తన యప్పులు కనబడును, తన పిల్లల ఫీజులు కనబడును. ప్రక్కయింటి సహోద్యోగి సంతకము చేసెనో లేదో కనబడదు. చేసియుండునేమోయను భయముతో నతడు చేయును. వాడును అట్లే చేయును. అందుచేత సంప్రదింపులు సాగుచున్నప్పుడు సంఘము చేయవలసిన మొదటిపని వార్త చెప్పుట. గదిలో జరుగు బేరమున కొంత గుట్టు తప్పదు. కాని ఇంతవరకు వచ్చినాము, ఇచ్చట ఆగినది అని నెలకొకమారైన చెప్పని నాయకులు పుకారునకు తామే తలుపు తీసినవారగుదురు. సంఘములోపల వాదించువానిని ద్రోహి యనుటయు నిట్టి తెలివిమాలిన పనియే. లోపల వాదింప వీలులేనివాడే బయట సంతకము చేయును. ఓటు వేయువరకు వాదింపనిండు, ఓటు తేలినపిదప అందరు ఒక్కటిగ నడువవలయును.

ఇట్లు నిలిచినచో సమ్మె రాకయే పని జరుగవచ్చును. 2022 అక్టోబరులో డెల్టా కంపెనీ పైలట్లు, మధ్యవర్తిత్వము ఎడతెగక సాగుచుండగా, అవసరమైన సమ్మె కట్టుటకు నాయకుల కధికారమిచ్చుచు ఓటు వేసిరి. ఓటు వేసినవారిలో నూటికి 99 మంది సమ్మతించిరి. ఒక్క విమానమైనను ఆగలేదు. 2023 మార్చిలో ఒడంబడిక కుదిరినది. నాలుగేండ్ల కాలమునకు జీతములు నూటికి 34 వంతున పెరిగినవి. అదే సంవత్సరమున అమెరికన్, యునైటెడ్ కంపెనీలును ఆ త్రోవనే పోక తప్పలేదు. పైలట్ల కొరత వారికి తోడ్పడినదని విమర్శకు లందురు. తోడ్పడినది. గాలి వాలు అందరికిని వీచును, తెరచాప యెత్తినవాడే పోగలడు.

ఈ సభలోనున్న పైలటు మిత్రులకు ఒక్క సూచన చేసి ముగింతుము. మన దేశమున పైలటు పనికి వచ్చు కుర్రవాడు 200 గంటలు ఎగిరి లైసెన్సు పొందుటకే లక్షలకొలది అప్పుచేయుచున్నాడు. కొలువు దొరికినపిదప శిక్షణ ఖర్చు పేరిట బాండు వ్రాయుచున్నాడు. విడిచిపోదమన్నను, 2017 నాటి డీజీసీఏ నియమము ప్రకారము సహచోదకుడు ఆరునెలలు, కెప్టెను సంవత్సరము ముందుగా నోటీసు ఈయవలయును. అమెరికాలో పట్టిక చేయు పనిని ఇచ్చట అప్పును బాండును చేయుచున్నవి. మీరు కోరికల పత్రమును వ్రాయునప్పుడు మొదట కెప్టెనుల గంటల భత్యమును, చివరి పుటలో మిగిలిన చోటున సహచోదకుల బాండును వ్రాయుట ఆచారముగ నున్నదని విన్నాము. ఈమారు ఆ పుటలను తారుమారు చేయుడు. బాండు మొత్తమును, కాలమును తగ్గించుట మొదటి యంశముగ పెట్టి, దానిపై యాజమాన్యము కదలువరకు రెండవ యంశమునకు పోమని చెప్పుడు. అట్లు చెప్పుటకు ముందు పెద్ద కెప్టెనులను కూర్చుండబెట్టి ఓటు తీసికొనుడు. ఆ ఓటు నెగ్గినదో లేదో వచ్చు సభలో మాకు చెప్పవలయును. ప్రశ్నలున్నవా రిప్పుడు అడుగవచ్చును.